డాఫ్నే తొట్టెల

"చచ్చిపోయిన నా అత్తనే మళ్ల పుట్టిందని బియ్యం జూపిస్తె తేటగ వచ్చింది. నీ పెండ్లాం బిర్యానీ ఆకు పుట్టిందంటది. ఎవల మాట ఇంటవో ఇనుకో!"

లీలావతి వంటింటి గడప మీద అడ్డంగా కూర్చుంది. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. ఎవరినీ గడప దాటనివ్వడం లేదు. కొడకండ్లలో పటేలు ఇంట మనవరాలి తొట్టెల, పేరు పెట్టే పండుగ. బయట పందిరి వేశారు, మైకు కట్టారు, జనగామ నుంచి పెద్దమనుషులు బయల్దేరారు. ఇంట్లో మాత్రం పొయ్యిలో పిల్లి లేవలేదు.

"ఆకు కాదవ్వా," అన్నాడు ఆమె కొడుకు భూపాల్. గోడ అద్దంలో చూసుకుంటూ వెంట్రుకలను బాగా వెనక్కి దువ్వుతున్నాడు. నుదుటి మీది మచ్చ కనపడాలి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బ అది. ఆరేండ్ల నుంచి దాన్ని బొట్టులా మోస్తున్నాడు. "డాఫ్నే అంటె గ్రీకు దేశపు దేవత పేరు. ఆమె చెట్టు ఆకులతోని కిరీటం కట్టి, గెలిచినోళ్ల నెత్తిన పెడ్తరట. లండన్ల దొరసానులు పెట్టుకునే పేరు. జనగామంతా చెప్పుకున్న. ఇప్పుడు లక్ష్మీనర్సమ్మ అంటె నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జత్ ఆకుల ఉన్నదార? ముసలమ్మ పేరు పెట్టకుంటె పిల్ల ఏడుపు ఆగది. ఏడ్సి ఏడ్సి గుడ్లు తేలేస్తది. అప్పుడు పిలుసుకో నీ గ్రీకు దేశపోళ్లను."

"దూపైతె ఏడుస్తది, కడుపు నొస్తె ఏడుస్తది. ముసలమ్మ పేరు పెడ్తె పాలొస్తయా అత్తమ్మా?"

ఈ మాట అన్నది కోడలు అహల్య. బాలింత గది తలుపు దగ్గర, చెవులకు గుడ్డ కట్టుకుని నిలబడింది. కురవి దగ్గర తల్లిగారింటి నుంచి ఆమె వచ్చి రెండు రోజులు కాలేదు. తొట్టెల తల్లిగారింట్లోనే జరగాలి. భూపాల్ ఒప్పుకోలేదు. పంచాయతీ సమితి ఎన్నికలు ఎప్పుడు పెట్టినా తానే ప్రెసిడెంటు కావాలని అతని ఆరాటం. నలుగురిని పిలవడానికి నెపం కావాలి. పచ్చి బాలింతను బస్సులో కుదేసి తెచ్చాడు.

"సదువుకున్నదానివి, నీకు నోరెక్కువ," అంది లీలావతి. "ఈ ఇంట్ల నా మాట ఎన్నడు చెల్లింది? నా తల్లిగారి ఇత్తడి గిన్నెను జీతగాని బిడ్డ ఎత్కపోతేనే అడిగిన దిక్కు లేదు. ఇగ పేరు సంగతి ఎవడు అడుగుతడు!"

అహల్య తల ఎత్తింది. "ఏ గిన్నె అత్తమ్మా?"

"సాంబని బిడ్డ లేదా, కట్టమ్మ? బావి కాడికి సద్ది ఇచ్చి తోలితె గిన్నెతోనే ఉరికింది. తెల్లారెవరకు గుడిసె ఖాళీ. అయ్య లేడు, అవ్వ లేదు. దొంగ జాతి."

దువ్వెన ఆగింది.

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకే?" అన్నాడు భూపాల్. గొంతు అవసరానికి మించి లేచింది.

లోపల పసిపిల్ల గొంతు చించుకుంటోంది.

రాధ ఇదంతా తొట్టెల తాళ్లకు పసుపు పూస్తూ విన్నది. భూపాల్ చెల్లెలు. నిరుడు మహదేవపూర్‌లో మొగుడు వెంకట్రాంను వదిలి వచ్చింది. వదిలి అనడం మర్యాదకు. ఎద్దులను కొట్టే ములుగర్రతో అతను చెయ్యి విరిచిన రోజు, విరిగిన చెయ్యిని కొంగులో కట్టుకుని గోదారి ఒడ్డు ఊరి నుంచి ఇక్కడి దాకా వచ్చి పడింది. ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపరాదు. అన్న ఇంట్లో ఉంటోంది. పొద్దున లేచి పేడ తీస్తుంది, రాత్రి అందరూ తిన్నాక తింటుంది. ఆడబిడ్డ అంటారు, పని మాత్రం జీతం లేని జీతగత్తె పని.

ఆ పేరంటే రాధకు కూడా ఒళ్లు మంట. వదినె చదువు టెక్కు తప్ప అందులో ఆమెకేమీ కనపడలేదు. రాధ, లీలావతి, అహల్య అని పెట్టుకున్న మనుషులు చచ్చారా? కానీ రాధ ఇష్టాన్ని ఎవరు అడిగారు? అడగకపోగా ఆ భారమంతా ఆమె నెత్తిన పడింది. ఆ ఇంటి ఆనవాయితీలో పేరు పెట్టేది మేనత్త. తొట్టెలలో వేసిన పిల్ల మీదికి వంగి మూడుసార్లు పిలవాలి. మూడోసారి పిలిచాక పేరు నిలిచినట్టు. నిలిచిన పేరును మార్చితే పిల్లకు ఆయుష్షు తగ్గుతుందని భయం. మేనత్త నోటికి అడ్డం పోవడానికి కన్నతండ్రికి కూడా హక్కు లేదు.

అందుకే లీలావతి కూతురి కొంగు పట్టుకుంది. "నువ్వు నా కడుపుల పుట్టినదానివే అయితె ముసలమ్మ పేరు పిలువు. ఒక్కసారి నీ నోట్లకెళ్లి వచ్చినంక ఎవడు ఏం పీకుతడు?"

భూపాల్ విన్నాడు. చెల్లెలి దగ్గరికి వచ్చి, నవ్వుతూనే, మెల్లగా అన్నాడు. "రాధవ్వా. జనం ముంగట డాఫ్నే గాక ఇంకో పేరు నీ నోట్లకెళ్లి వచ్చిందనుకో. రేపే జనగామల బస్సెక్కించి మాదేవపూర్‌ల దింపుత. బావ మొన్న గూడ మనిషిని తోలిండు, తోలియ్యుమని."

రాధ చేతిలో పసుపు ముద్ద నేల మీద పడింది. తీసుకోవడానికి వంగలేదు.

* * *

బాలింత గదిలో స్నానానికి కాచిన వాయిలాకు వాసన, సాంబ్రాణి పొగ. రాధ తలుపు దగ్గరికి వేసి, వచ్చీ రాగానే అందుకుంది.

"నీ ఆకు పేరు కోసం నా మెడ మీద కత్తి బెట్టిన్రు వదినె. అన్న అటు గుంజుతడు, అవ్వ ఇటు గుంజుతది. నీకేం, మంచంల పండుకొని తమాషా చూస్తున్నవ్. ఊళ్లె నోరు తిరగని పేరు. పిల్ల పెద్దగై మమ్ముల తిడ్తది."

"మీ అన్నకు తిరిగింది గదా నోరు."

"ఆయన ఆకాశంల తిరుగుతున్నడు. కిరీటమట!"

"ఆయనకు సగమే చెప్పిన," అంది అహల్య. పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. "కిరీటం దాక చెప్పిన. మిగిలిన సగం ఆయన అడుగలే. గెలుపు అనంగనే చెవులు మూసుకపోయినయి."

"ఏంది మిగిలిన సగం?"

"డాఫ్నే అంటె దేవత గాదు, ఏటి బిడ్డ. తండ్రి ఒక నది. అడవిల తిరిగే పిల్ల. ఒక దేవుడు ఎంట వడ్డడు. చిన్న చితక దేవుడు గాదు, సూర్యుని లెక్క కొలుస్తరు ఆ దేశంల. ఆ పిల్ల వద్దన్నది. దేవుడైతేంది, వద్దన్నది. ఉరికింది. ఆయన ఎంటవడి ఉరికిండు. ఆయన ఊపిరి మెడకు తాకేదాక వచ్చిండు. అప్పుడు తండ్రిని పిలిచింది. తండ్రి ఆమెను చెట్టు జేసిండు. ఆయన చేతులకు బెరడు దొరికింది గని పిల్ల దొరకలే."

రాధ కూర్చోలేదు. కానీ తలుపు మీద పెట్టిన చెయ్యి తీసింది.

"మరి కిరీటం?"

"అదే కత. సిగ్గువడి పోవాలె గదా వాడు? పోలే. దొరకని పిల్ల ఆకులే తెంపి నెత్తికి చుట్టుకున్నడు. చూడున్రి, నేను గెలిచిన అన్నడు. లోకం చప్పట్లు గొట్టింది. అప్పటిసంది ఎవడు గెలిచినా అవే ఆకులు."

"కత మంచిగనే ఉన్నది. అంత దూరం కత మనకెందుకు?"

"మన కత దగ్గరనే ఉన్నది, నా పేరే ఉన్నది. అహల్య! ఆమెను గూడ దేవుడే మోసం జేసిండు. జేసినోడు మంచిగనే ఉన్నడు, ఆమె రాయి అయింది. ఎవరి కాలో తాకేదాక దుమ్ముల పడి ఉన్నది. మా నాయిన ఆ పేరు ఎందుకు పెట్టిండో ఎన్నడు చెప్పలే. నా బిడ్డకు పడి ఉన్నదాని పేరు వద్దు. ఉరికినదాని పేరు గావాలె."

"ఇంత సదివి ఇంట్ల కూసుంటివి," అంది రాధ వెటకారంగా. "ఏ కాలేజీల చెప్పిన్రు గీ కత?"

"కాలేజీల గాదు. మానుకోట మిషన్ దవాఖానల. నాకు కాన్పు జేసిన నర్సు చెప్పింది. ఆమె పేరు డాఫ్నే."

రాధ నవ్వింది. "అయితె గ్రీకు లేదు, దేవత లేదు. కిరస్తానీ పేరే."

"వాళ్ల పాస్టరు గూడ వద్దన్నడట, బైబిల్ల లేదని. ఆమె పుట్టినప్పుడు కాన్పు జేసిన దొరసాని డాక్టరమ్మ తన చెల్లె పేరు పెట్టింది. వాళ్ల నాయిన మురిసిపోయిండు. ఊరికి తీస్కపోతె పటేలు ఇంట్ల ముసలమ్మ కొట్టినంత పని జేసిందట. జీతగాని బిడ్డకు దొరసాని పేరా, కట్టమ్మ అను, అన్నదట."

రాధ ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

ముసలమ్మ. లక్ష్మీనర్సమ్మ. తన నాయనమ్మ. ఆ ఇంట్లో జీతగాళ్ల పిల్లలకు పేర్లు మార్చడం ఆమెకు వక్క కొరికినంత సులువు. ఇంట్లో ఉన్న పేరు గుడిసెలో ఉండకూడదు, ఇంట్లో లేని గొప్ప పేరు అసలే ఉండకూడదు. సాంబయ్య బిడ్డకు వేరే పేరు ఉండేదని రాధకు ఈ రోజు వరకు తెలియదు. అన్నకూ తెలియదు. తెలిస్తే జనగామంతా చెప్పుకుని మురిసేవాడా?

"మూడోరోజు మీ అన్న దవాఖానకు వచ్చిండు," అంది అహల్య. "ఆమె సూది తీస్కొని తలుపు దాక వచ్చి, ఆయనను చూసి ఎనుకకు మర్లింది. ఆయన చూడలే. రెండు రోజులు నా మంచం దిక్కు రాలే. నేనే పట్టువట్టి అడిగిన. పోలీసోళ్లకు దొరకకుంట మీ అన్న బావి కాడ దాసుకున్నడు గదా అరవై తొమ్మిదిల? సద్ది ఎవలు తీస్కపోయేది?"

"కట్టమ్మ..."

"గిన్నె ఎందుకు ఎత్కపోయిందో అడుగవా?"

రాధ అడగలేదు. ఆ పొద్దు ఆమెకు ఎదురుగా నిలబడింది. అన్న నెత్తుటి ముఖంతో దొడ్డిదారిన వచ్చాడు. పాత చీర చించి కట్టు కట్టింది తనే. పోలీసోళ్ల లాఠీ అన్నాడు. పోలీసులు పట్టుకున్నది ఆ తర్వాత. జైలు నుంచి వచ్చాక బంతిపూల దండల్లో మునిగిపోయాడు. తానే హారతి పట్టింది.

"లాఠీ దెబ్బ అడ్డంగ చీల్తది," అంది అహల్య. "గిన్నె అంచు దెబ్బ వంకర తిరుగుతది. పోయి చూడు మీ అన్న నుదురు. మీదికొస్తె గిన్నెతోని గొట్టి, జొన్నచేనుల పడి అయ్య కాడికి ఉరికిందట. రాత్రికి రాత్రి సాంబయ్య ఇంటిల్లిపాదిని భూపాలపల్లి దిక్కు తీస్కపోయిండు. ఎనుక మిషనోళ్లు ఆమెను నర్సు జేసిన్రట."

"నువ్వు మొగడినే అడుగకపోతివి?"

"అడిగితె ఏమంటడు? దొంగదాని మాట నమ్ముతవా అంటడు. అడుగ. పిలుస్త. ఆయన అన్నం తినేటప్పుడు ఆ పేరు పిలుస్త, ఆయన దండలేసుకొని వచ్చినప్పుడు పిలుస్త. ఆయన గూడ ముద్దుగ పిలువాలె."

"నీ పగకు పసిదాన్ని ముంగట వెడ్తవా?" రాధ కోపంగా అడిగింది. "దానికేం ఎరుక? దాని నెత్తిన గా చెరువెడు కత ఎందుకే?"

అహల్య పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. పిల్ల ఏడుపు ఆపింది.

"పగ మీ అన్న మీద. పేరు ఆమెకు మంచిదే," అంది. "ఉరుకుడు తప్పా రాధా? నువ్వు గా చెయ్యి కొంగుల కట్టుకొని ఎట్ల వచ్చినవ్?"

"నా చెయ్యి ఊసెత్తకు!"

రాధ బయటికి వచ్చింది. తన మీద తనకే కోపం వచ్చింది. ఇందులో కష్టమేముంది? అన్న చెప్పిన పేరే. పిలిస్తే అన్న ఇంటి నీడ నిలబడుతుంది. ఆ పేరు ఎవరిదో అతనికి తెలియనంత వరకు. తెలిసిన రోజు, పిలిచింది ఎవరని చూస్తాడు.

* * *

పందిరి నిండింది. అరుగు మీద కుర్చీల్లో జనగామ పెద్దలు, కింద చాపల మీద ఊరి ఆడవాళ్లు, దడి అవతల కూలి జనం. లీలావతిని ఇద్దరు ఆడవాళ్లు గడప మీద నుంచి లేపి తెచ్చి తొట్టెల పక్కన కూర్చోబెట్టారు. ముఖం గోడకు తిప్పుకుంది.

భూపాల్ వెంట తిరిగే కుమారస్వామి మైకు పట్టుకుని ఊదరగొడుతున్నాడు. "మన భూపాలన్న నుదుటి మీద ఉన్నది మచ్చ గాదు! తెలంగాణ బిడ్డల నెత్తురు! లాఠీకి తల ఒగ్గిండు గని తల వంచలే!"

చప్పట్లు మోగాయి. భూపాల్ నుదురు ఎత్తాడు. రాధ చూసింది. ఆరేండ్లుగా చూస్తున్న మచ్చనే ఇప్పుడు చూసింది. కనుబొమ్మ మీద మొదలై కణత దాకా వంకర తిరిగి ఉంది, నెలవంకలాగా.

అహల్య పిల్లను తెచ్చి తొట్టెలలో వేసింది. ఆమె కళ్లు మాత్రం పిల్ల మీద లేవు. దర్వాజ వైపు ఉన్నాయి.

"కానియ్యి రాధా," అని భూపాల్ మైకు తెచ్చి ఆమె మూతి దగ్గర పెట్టాడు. "ఊరు ఊరంతా ఇనాలె."

రాధ వంగింది. "డాఫ్నే!"

మైకు కూసింది. కుర్చీల్లో వాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. దడి అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"గట్టిగ!"

"డాఫ్నే!"

"ఆఁ," అని పలికారు దర్వాజ దగ్గర. "వచ్చిన."

జనం తిరిగి చూశారు. తెల్లచీర కట్టిన నర్సు ఒకామె దర్వాజ దాటి లోపలికి వచ్చింది. చేతిలో తోమి మెరిపించిన ఇత్తడి గిన్నె. ఆమె వెనక ముసలివాడు, సాంబయ్య. ఆ వాకిట్లోకి అతను ఏనాడూ చెప్పులతో రాలేదు. ఇవాళ కాళ్లకు చెప్పులున్నాయి. తీయలేదు.

"కట్టమ్మా! నువ్వెందుకొచ్చినవే ఈడికి?" భూపాల్ నోరు జారింది. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచాడు. ఆ మాట ఊరి చివరి దాకా పోయింది.

"పిలిస్తిరి గదా పటేలా. మైకుల పిలిస్తిరి." ఆమె గొంతు పెద్దదేమీ కాదు. "కట్టమ్మ మీ ఇంటోళ్లు పెట్టిన పేరు. నాకు మా నాయిన ఒప్పుకున్న పేరు డాఫ్నే. బిడ్డకు నా పేరు పెడ్తున్నరని మీ ఇంటామె చెప్పంపింది. ఉత్త చేతులతోని ఎట్లొస్త?"

తొట్టెల దగ్గరికి నడిచి, గిన్నెను లీలావతి ముందు పెట్టింది. "మీ గిన్నె పటేలమ్మా. దొంగతనం జెయ్యలే. అంచుకు జర సొట్ట వడ్డది. ఎట్ల వడ్డదో మీ కొడుకును అడుగున్రి."

లీలావతి గిన్నెను అందుకుంది. తల్లిగారి గిన్నె. సొట్టలో బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది. తల ఎత్తి కొడుకు నుదుటిని చూసింది. ఆ పిల్లకు సద్ది కట్టిచ్చి బావి దగ్గరికి తోలింది ఎవరో ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు.

"అరేయ్," అంది. "పోలీసోళ్లు గొట్టిన్రంటివి గదరా."

మైకులో అదీ వినపడింది. కుమారస్వామి చప్పట్ల కోసం ఎత్తిన చేతులు మెల్లగా దించాడు. అరుగు మీద ఒక పెద్దమనిషి కండువా దులుపుకుని లేచాడు. అతన్ని చూసి ఇంకొకడు లేచాడు.

భూపాల్ మైకును దూరంగా నెట్టి, తొట్టెల తాడు పట్టుకుని చెల్లెలి మీదికి వంగాడు. అహల్య వైపు చూడలేదు. అటు చూసే ధైర్యం చాలలేదు. చూడగలిగింది చెల్లెలినే, అన్నం పెడుతున్నది ఆమెకే.

"రెండుసార్లే అయింది. ఇంకా పేరు నిలువలే. లక్ష్మీనర్సమ్మ అని పిలువు. మూడుసార్లు పిలువు. లేకుంటె ఏమైతదో ఎరుకే నీకు. బావ మనిషి మళ్ల వచ్చేదాక గూడ ఆగ."

"అవ్వ చెప్పిన పేరే కదనే," అన్నాడు మళ్లీ. ఈసారి బతిమాలినట్టే ఉంది. "అనవే. నీదేం పోయింది?"

రాధ లీలావతిని చూసింది. నిన్నటి నుంచి ఆ పేరు కోసం పస్తు కూర్చున్న మనిషి. ఇప్పుడు గిన్నె ఒళ్లో పెట్టుకుని సొట్టనే చూస్తోంది. నర్సు తండ్రి పక్కకు పోయి నిలబడింది. ఆమె ఏమీ అడగలేదు. అహల్య కూడా అడగలేదు. ఎవరూ అడగకపోవడమే రాధకు కోపం తెప్పించింది. ఒక్కరైనా బతిమాలితే, నాతోని గాదని అనేసేది.

పిల్ల కళ్లు తెరిచి తాళ్ల పసుపును చూస్తోంది. ఏడవడం లేదు.

రాధ సరిగా సాగని ఎడమ చెయ్యి చాపింది. ఎంత సాగితే అంత వరకు చాపి, మైకును తన దిక్కు తిప్పుకుంది.

"అన్నా," అంది. ఊరంతా విన్నది. "జనగామ బస్సు ఎన్ని గంటలు గొట్టంగ ఉన్నది?"



రాధ తొట్టెలలోకి వంగి అదే పేరు మూడోసారి పిలిచింది.

తాడు మీద భూపాల్ చెయ్యి ఇంకా అలాగే ఉంది.